బొబ్బలే రుజువు

నాన్నకు పక్షవాతం వచ్చి రెండేళ్ళు దాటింది. మొదట్లో ప్రార్థనకు వచ్చినవాళ్ళు చాలామంది ఒకటే మాట అనేవాళ్ళు: "ఇది దేవుడు పెట్టిన పరీక్షమ్మా, విశ్వాసంతో పాసవ్వాలి." ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు టెన్షన్ పెరిగేది. పాసవ్వకపోతే?

రోమా పత్రిక 5వ అధ్యాయం నిదానంగా చదివాక ఆ భయం తగ్గింది. "శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేయునని యెరిగి శ్రమలయందును అతిశయపడుదము" అంటాడు పౌలు. నిరీక్షణ అంటే ఇక్కడ ఆశ. వరస చూడండి. పరీక్ష ఓర్పు తర్వాత వచ్చింది. గ్రీకులో అక్కడున్న మాట దోకిమే. తట్టుకుని నిలిచాక, ఇది మేలిమిదే అని తేలడం. కంసాలి గీటురాయి మీద గీసి చూసి "బంగారమే" అని తలూపుతాడే, అదన్నమాట.

ఈ వచనం దగ్గరికొస్తే నాకు ఒంగోలు గుర్తొస్తుంది. 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలైన ధాత కరువు. ఆ కరువు మంచికే వచ్చిందని నేను చచ్చినా అనను, లక్షలమందిని మింగింది. శ్రమ మంచిదని పౌలు కూడా అనలేదు. ఆ రోజుల్లో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు పని చూపించాడు. పారలు పక్కన పెట్టి సేదదీరేవాళ్ళ మధ్య తెలుగు బోధకులు కూర్చుని పదేపదే చెప్పిన వాక్యం ఒకటుంది: "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి." పొద్దున్నుంచీ మట్టి తట్టలు మోసి మెడలు పడిపోయినవాళ్ళకు దాని అర్థం ఇంకొకరు విప్పి చెప్పాలా?

చాలామంది బాప్తిస్మం అడిగారు. దొర ఇవ్వలేదు. కూటి కోసం అడుగుతున్నారేమోనని అనుమానం. పదిహేను నెలలు ఆపాడు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు, అంతకుముందే ఊరి చివరకు నెట్టేసినవాళ్ళు. ఇది తలచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. కడుపు నిండినవాడి విశ్వాసాన్ని ఎవరూ తూకం వెయ్యరు కదా! అయినా వాళ్ళు అలిగి వెళ్ళిపోలేదు. ఇక సాయం చేసేదేమీ లేదన్నా కదల్లేదు. మాకు డబ్బొద్దు, పనిచేసి బతికేవాళ్ళమనడానికి మా చేతుల మీది బొబ్బలే రుజువు, మళ్ళీ పంట పోతే ఎలాగూ చస్తాం, చస్తే క్రైస్తవులుగా చస్తాం, బాప్తిస్మమివ్వండి అన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్ళలోకి దిగి, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు.

అందరూ ఆ సంఖ్యనే చెప్పుకుంటారు. నా మనసు మాత్రం ఆ బొబ్బల దగ్గరే ఆగిపోతుంది. పౌలు చెప్పిన దోకిమే నాకు అక్కడ కనబడింది. "ఈ నిరీక్షణ మనలను సిగ్గుపరచదు" అని తర్వాతి వచనంలో ఉంది. ఇవ్వడానికేమీ లేదన్న మనిషి ముందు సిగ్గుపడకుండా చేతులు చాపి చూపించారంటే, వాళ్ళకు ఆ నిరీక్షణ ముందే దొరికిందన్నమాట.

అమ్మ రోజుకు నాలుగైదుసార్లు నాన్నను మంచం మీంచి కుర్చీలోకి మారుస్తుంది. ఆయన నడుముకు పాత చీర మడతపెట్టి చుట్టి, రెండు కొసలూ పట్టుకుని, "యేసయ్యా" అంటూ ఒక్క ఊపున లేపుతుంది. నాన్న బాగవ్వాలని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం. మొన్న ఆదివారం ప్రభువు బల్ల దగ్గర అమ్మ రొట్టె కోసం చెయ్యి చాపినప్పుడు పక్కనుంచి చూశాను. అరచేతిలో, వేళ్ళ మొదట్లో, నాలుగు కాయలు గట్టిగా, పసుప్పచ్చగా. పాస్టరుగారు రొట్టె ముక్కను సరిగ్గా వాటి మీదే పెట్టారు.