కిటికీ గట్టు మీద ఐదు సీసాలు

బయాప్సీ అనగానే మా అత్తయ్య చిక్కుడుకాయలు వలుస్తున్నదల్లా ఆగిపోయింది. ఆవిడకు ఆ మాటంటే క్యాన్సరే. అది కాదని నచ్చజెప్పేసరికి రాత్రి పదయింది.

మావాడికి ఆరేళ్లు, నెఫ్రోటిక్ సిండ్రోమ్. అంటే కిడ్నీల్లోంచి ప్రొటీన్ మూత్రంలోకి కారిపోయే జబ్బు. రోజూ పొద్దున్నే వాడి మూత్రం టెస్ట్‌ట్యూబులో వేడిచేసి, పాలు విరిగినట్టు విరిగితే డైరీలో 3 ప్లస్ అని రాసుకోవడం నా పని. నాలుగు వారాలు స్టెరాయిడ్ వాడినా ఆ అంకె దిగలేదు. కిడ్నీ ముక్క తీసి చూస్తే గానీ తర్వాతి మందు చెప్పలేమన్నారు.

సంతకం పెట్టే కాగితంలో రక్తస్రావం, రక్తం ఎక్కించడం, చివరికి కిడ్నీ తీసేయడం దాకా ఉన్నాయి. నాకు చేయి ఆడలేదు. డాక్టరుగారు కుర్చీ దగ్గరకు లాక్కుని, "ఆఖరిది చాలా చాలా అరుదమ్మా. రక్తం ఎక్కించాల్సి రావడం కూడా వందలో ఒకరికి అటూ ఇటూగా. మీరు చూస్తే గీస్తే ఎర్ర మూత్రం చూస్తారు" అన్నారు. ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే టెస్టు, బీపీ అన్నీ సరిగా ఉన్నాకే తేదీ ఇచ్చారు.

మత్తిచ్చి, పొట్ట కింద దుప్పటి చుట్ట పెట్టి బోర్లా పడుకోబెట్టారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఎడమ కిడ్నీ కింది కొసలోకి సూది పంపుతారట. ఊపిరితో పాటు కిడ్నీ కూడా కదులుతుంది కాబట్టి అదను చూసి నొక్కాలి. తలుపు బయటికి టక్‌మని రెండుసార్లు వినిపించింది. సేమియా తునకల్లాంటి రెండు ముక్కలు. వాటి సీసాలు ల్యాబుకు పట్టుకెళ్లింది మా ఆయనే!

సూది కన్నా కష్టం ఆ తర్వాతే. ఆరు గంటలు వెల్లకిలా, కదలకుండా. పడుకునే మూత్రం పోయమంటే వాడికి సిగ్గు. పోసిందల్లా సీసాల్లో పట్టి కిటికీ గట్టు మీద వరసగా పెట్టమన్నారు. మొదటిది మామూలే. రెండోది బీట్‌రూట్ కడిగిన నీళ్లు. నా కాళ్లు వణికాయి. సిస్టర్ సీసా వెలుతురులో తిప్పి చూసి, "గడ్డలు లేవు. మూత్రం ఆగినా, నడుం నొప్పి పెరిగినా పిలవండి" అంది. పల్స్, బీపీ మాత్రం వదలకుండా చూస్తూనే ఉన్నారు. మూడోది పలచటి టీ. ఐదోది పసుపు.

మర్నాడు స్కాన్‌లో కిడ్నీ పక్కన చిన్న రక్తపు గడ్డ కనిపించింది. దానంతట అదే కరిగిపోతుందన్నారు. కరిగింది కూడా. రిపోర్టులో మినిమల్ చేంజ్ అని వచ్చింది, అంటే మామూలు మైక్రోస్కోపులో కిడ్నీ దాదాపు మామూలుగానే కనిపించే రకం. మందు మార్చారు.

రెండు వారాలు గెంతకూడదు కదా, సైకిల్ తాళంచెవి పోపులపెట్టెలో దాచాను. పదో రోజుకే కనిపెట్టేశాడు.