దూడల ధర పడింది, బీమా రాలేదు: ఎల్‌ఆర్‌పీతో నా రెండేళ్ల అనుభవం

పశువుల ధర పడిపోతే ఆదుకునే ఎల్‌ఆర్‌పీ అనే బీమా కింద ఈ వారమే నాకు 5,625 డాలర్ల పరిహారం మంజూరైంది. అందులో నేను కట్టవలసిన ప్రీమియం 1,755 డాలర్లు పోగా 3,870 డాలర్లు మిగిలాయి. పోయిన ఏడాది ఇదే బీమా కింద ఒక్క డాలరు కూడా రాలేదు, పైగా నలుగురి ముందు తలవంచుకుని ఇంటికి రావలసి వచ్చింది. ఆ రెండు సంవత్సరాల మధ్య నేను నేర్చుకున్నది, అమెరికాలో నాలాగా చిన్న మందతో పశుపోషణ మొదలుపెడుతున్న తెలుగువారికి ఉపయోగపడుతుందని నమ్మి రాస్తున్నాను.

ఆర్కన్సాలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ కొంత పచ్చిక భూమి కొన్నాను. ఏప్రిల్‌లో సుమారు 500 పౌండ్ల బరువున్న, విత్తు కొట్టిన కోడెదూడలను 50 దాకా కొని, వేసవి అంతా మేపి, అక్టోబరులో 750 పౌండ్ల దగ్గర అమ్ముతాను. కొన్న రోజుకూ అమ్మే రోజుకూ మధ్య ఆరు నెలల్లో ధర పడిపోతే ఆ ఏడాది కష్టమంతా గడ్డిపాలే. షికాగో ఎక్స్ఛేంజ్‌లో ఫ్యూచర్స్, అంటే ముందు తేదీకి ఇప్పుడే ధర ఖాయం చేసుకునే ఒప్పందాలు, అమ్ముకుందామంటే ఒక్కో ఫీడర్ క్యాటిల్ (ఇంకా మేపి పెంచవలసిన పశువుల) ఒప్పందం 50,000 పౌండ్లది, నా మంద మొత్తం కలిపినా 37,500 పౌండ్లే. అందువల్ల ఒక్క పశువుకైనా తీసుకోవడానికి వీలున్న లైవ్‌స్టాక్ రిస్క్ ప్రొటెక్షన్, అంటే ఎల్‌ఆర్‌పీ, నాకు సరిపోతుందని అనుకున్నాను. అది సరైన ఆలోచనేనని ఇప్పటికీ అంటాను.

దరఖాస్తు సులువుగానే సాగింది. వ్యవసాయ శాఖ కార్యాలయంలో నేల పరిరక్షణ నిబంధనలకు సంబంధించిన ఏడీ-1026 పత్రం నింపాను. అది లేకపోతే ప్రీమియంలో ప్రభుత్వ రాయితీ దక్కదు కనుక దాన్ని ముందుగానే పూర్తి చేసుకోండి. ఈ బీమా రోజువారీ ధరలు మార్కెట్ మూసిన తర్వాత విడుదలవుతాయి, మర్నాడు ఉదయం 8:25 లోపల మనం నిర్ణయం తీసుకోవాలి. నేను 26 వారాల గడువుతో, వంద పౌండ్లకు 240 డాలర్ల కవరేజ్ ధరకు, అంటే హామీ ధరకు, తీసుకున్నాను. గడువు నాటికి ఉంటుందని అంచనా వేసిన ధరలో ఎంత శాతానికి హామీ తీసుకుంటామన్నదే కవరేజ్ స్థాయి. అది 95 శాతం పైన ఉంటే రాయితీ 35 శాతం, స్థాయి తగ్గేకొద్దీ రాయితీ 55 శాతం దాకా పెరుగుతుంది. ప్రీమియం వెంటనే కట్టనక్కరలేదు, గడువు ముగిసిన తర్వాత కట్టవచ్చు.

భాగస్వామ్య వివరాల్లో భార్య పేరు కూడా ఉండాలన్నందున ఆమె వివరాలు ఇచ్చాము. ఆ రాత్రి ఆమె పాలసీ కాగితాలన్నీ చదివి, "ఏవండీ, ఇందులో మన దూడలు ఎంతకు అమ్ముడుపోతాయన్న మాట ఎక్కడా లేదేమిటి?" అని అడిగింది. అది అంతా మామూలేనని చెప్పి నేను పడుకున్నాను. ఆ ఒక్క ప్రశ్నకు అప్పుడే జవాబు వెతికి ఉంటే తర్వాత జరిగినదేదీ జరిగేది కాదు.

ఆ వేసవిలో వానలు లేవు. గడ్డి ఎండిపోయి చుట్టుపక్కల రైతులందరూ ఒకేసారి పశువులను వేలం శాలకు తోలారు. మా దూడలు వంద పౌండ్లకు 222 డాలర్లకు పోయాయి. నాకు దిగులు వేయలేదు, ఎందుకంటే 240కి బీమా ఉంది, తేడా 18 డాలర్లు, మొత్తం 37,500 పౌండ్ల మీద 6,750 డాలర్లు వస్తాయని లెక్క వేసుకున్నాను. ఆ డబ్బుతో కంచె బాగు చేయించాలని మనిషితో మాట్లాడుకున్నాను కూడా.

గడువు ముగిసిన మరునాడు అమ్మకపు చీటీలన్నీ తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టుకుని ఏజెంటు దగ్గరకు వెళ్లాను. అప్పటికే అక్కడ ముగ్గురు రైతులు కూర్చుని ఉన్నారు. ఆయన నా ఫైలు తెరవలేదు. కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, ముగింపు ధర 241.60 అని చూపించి, "మీకు రావలసినది ఏమీ లేదు" అన్నాడు. నా దూడలు 222కే పోయాయని, రుజువులు ఇవిగో అని నేను చీటీలు బయటకు తీశాను. వాటితో తనకు పని లేదని, బీమా ఉన్నది నా దూడలకు కాదని, సూచీకని ఆయన అన్నాడు. ఏ సూచీ అని నేను అడిగేసరికి వెనుక కూర్చున్న ఒకాయన నవ్వాడు. ఏజెంటు కూడా నవ్వి, "పాలసీ చదవకుండా సంతకం పెట్టారా?" అని అందరికీ వినబడేలా అడిగాడు. నేను చీటీలను మళ్లీ తేదీల క్రమంలో సర్దుకుంటూ నిలబడ్డాను. చేతులు వణికాయి. పద్దెనిమిదేళ్లుగా అంకెలతోనే బతుకుతున్న మనిషిని, నా సొంత డబ్బుకు సంబంధించిన ఒక్క అంకె ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోలేదు. ప్రీమియం బిల్లు ఆ తర్వాతి నెల వచ్చింది, కట్టేశాను.

ఏజెంటు దగ్గర నుంచి వచ్చిన రాత్రే భార్యతో కలిసి కూర్చుని, ఆమె మొదటి రోజు అడిగిన ప్రశ్న నుంచే మళ్లీ చదవడం మొదలుపెట్టాను. ఎల్‌ఆర్‌పీలో ఫీడర్ పశువుల ముగింపు ధరను సీఎంఈ, అంటే షికాగో ఎక్స్ఛేంజ్ వారి, ఫీడర్ క్యాటిల్ సూచీ నుంచి తీసుకుంటారు. ఆ సూచీ పన్నెండు రాష్ట్రాలలో 700 నుంచి 899 పౌండ్ల మధ్య బరువున్న కోడెల నగదు అమ్మకాలకు ఏడు రోజుల సగటు. టెక్సాస్, ఓక్లహోమా, కాన్సాస్, మిస్సోరీ అందులో ఉన్నాయి, ఆర్కన్సా లేదు. అంటే మా వేలం శాలలో ధర కుప్పకూలినా సూచీలో ఒక్క సెంటు కూడా కదలదు. నేను ఎంతకు అమ్మానన్నది ఆ లెక్కలో ఎక్కడా లేదు. పశువు చనిపోయినా ఈ బీమా ఏమీ ఇవ్వదు, దానికి వేరే బీమా ఉంటుంది. ఇది ఆ సూచీ ధర పడిపోవడం నుంచి మాత్రమే కాపాడుతుంది. మన ఊరి సంతకూ సూచీకీ మధ్య ఉండే తేడాను, అంటే బేసిస్‌ను, మోయవలసినది రైతే.

ఏజెంటు నాకు అబద్ధం చెప్పలేదని ఒప్పుకుంటాను. కానీ పాలసీ అమ్మిన రోజున ఈ ఒక్క వాక్యం చెప్పడానికి ఆయనకు రెండు నిమిషాలు పట్టేది. ఒకే రోజు ఒకే కవరేజ్‌కు ప్రీమియం ఏ ఏజెంటు దగ్గరైనా ఒకటే. దాన్ని నిర్ణయించేది ప్రభుత్వ రిస్క్ మేనేజ్‌మెంట్ ఏజెన్సీ కనుక ఎవరూ తగ్గించి ఇవ్వలేరు. కాబట్టి చవకగా ఇస్తానన్న వారిని నమ్మకండి. బేసిస్ అంటే ఏమిటో మీరు అడగకముందే చెప్పే వారిని వెతకండి. రైతుకు అర్థం కాని కాగితం అమ్మి, తర్వాత అర్థం కాలేదని అతన్ని నలుగురిలో నవ్వులపాలు చేయడం ఏ వృత్తిలోనైనా తప్పే. నేను ఏజెంటును మార్చుకున్నాను. కొత్త ఆమె మొదటి సమావేశంలోనే నా వేలం చీటీలు తెమ్మని అడిగి, గంటన్నర నాతో కూర్చున్నారు.

ఆ చలికాలం నుంచి ప్రతి గురువారం మా వేలం శాల ధర నుంచి ఆ రోజు సూచీని తీసివేసి ఒక పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. చాలా వారాల్లో మా ధర సుమారు 12 డాలర్లు తక్కువగా ఉంది. మొదటి ఏడాది నాకు పడిన తేడా దాదాపు 20 డాలర్లు. మిగిలిన ఎనిమిదిలో కొంత కరువు వల్ల పోయింది, కొంత నా తప్పు వల్ల పోయింది. రంగులూ పరిమాణాలూ కలగాపులగంగా ఉన్న చిన్న గుంపును తోలుకుపోతే కొనేవాళ్లు ధర కోస్తారు. రెండో ఏడాది పొరుగు రైతుతో కలిసి, ఒకే తీరు దూడలను ఏరి, లారీ నిండేలా ఒకే గుంపుగా అమ్మాము. బీమా సరిచేయలేని తేడాను తగ్గించుకునే దారి అదే. నేను మొత్తం మీద అన్నిటికన్నా ఎక్కువ లాభపడినది కూడా దానివల్లనే.

రెండో ఏడాది కవరేజ్ ధర 244. అందులోంచి 12 తీసేసి, ప్రీమియం తీయకముందు నాకు దక్కే కనీస ధర 232 అని ఏప్రిల్‌లోనే పుస్తకంలో రాసిపెట్టాను. అక్టోబరులో సూచీ 229కి దిగింది, మా గుంపు 218కి పోయింది, బీమా వంద పౌండ్లకు 15 ఇచ్చింది. రెండూ కలిపితే 233. ఆరు నెలల ముందు రాసుకున్న అంకెకు ఒక్క డాలరు తేడాతో చేరుకున్నానని గర్వంగానే చెప్పుకుంటాను.

పరిహారం అడిగేటప్పుడు ఒక విషయంలో జాగ్రత్తగా ఉండండి. గడువుకు 60 రోజుల కంటే ముందే పశువులను అమ్మేస్తే వాటి మీద కవరేజ్ పోతుంది, ప్రీమియం మాత్రం వెనక్కి రాదు. ఆగస్టు మొదట్లో మంచి బేరం వచ్చి నేను పది దూడలను అమ్మబోయాను. కొత్త ఏజెంటు వద్దని ఆపకపోతే వాటి భాగం పోయేది. గడువు తీరాక 60 రోజుల లోపల దరఖాస్తు పంపాలి, పశువులు మనవేనని చూపే కాగితాలు ఉండాలి.

నిన్న రాత్రి వచ్చే వసంతానికి అమ్మబోయే మరో చిన్న గుంపుకు 239 కవరేజ్ ధరతో కొత్త పాలసీ తీసుకున్నాము. ఈసారి కాగితాలను భార్యే ముందు చదివింది. నేను పుస్తకం తెరిచి, 239 అని కాకుండా 227 అని రాసుకున్నాను.