ఇన్వర్టర్ కొనే ముందు కరెంటు ఉన్న గంటలు లెక్కపెట్టాను

అమ్మకు డాక్టరు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే యంత్రం) వాడమన్నప్పటి నుంచి మా ఇంట్లో కరెంటు కోత అంటే గుండె దడ మొదలైంది. అంతకుముందు దీపం వెలిగించుకుని, తలుపులు తీసుకుని కూర్చునేవాళ్లం. ఈ యంత్రం ఆగితే అలా కూర్చోవడం కుదరదు. డాక్టరు చెప్పినట్టు ఆక్సిజన్ సిలిండర్ ఒకటి పక్కన పెట్టుకున్నాం. అయితే ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియని కరెంటుకు ప్రతిసారీ సిలిండర్ తెరుస్తూ పోతే అసలైన ఆపదకు అది మిగలదు. అందుకే ఇన్వర్టర్ పెట్టాలనుకున్నాం. ఇలాంటి అవసరం ఉన్న ఇళ్లు చాలా ఉంటాయి కాబట్టి ఆ పని ఎలా సాగిందో వివరంగా రాస్తున్నాను.

ముందు ఇంట్లో ఏవి నడిచి తీరాలో రాసుకున్నాను. కాన్సంట్రేటర్ వెనక పట్టీ మీద 300 వాట్లు అని ఉంది. అమ్మ గదిలో పాత ఫ్యాన్ 75 వాట్లు తీసుకునేది. దాని బదులు 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ బిగించాం. తొమ్మిదేసి వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు, ఫోను ఛార్జింగ్. అన్నీ కలిపితే 360 వాట్ల దగ్గర తేలింది. ఫ్రిజ్, మోటారు, ఇస్త్రీపెట్టె జాబితాలోకి రానివ్వలేదు. ఇన్వర్టర్ల మీద సామర్థ్యాన్ని వీఏలో, అంటే వోల్ట్ యాంపియర్లలో రాస్తారు, అందులో వాట్లుగా దక్కేది సాధారణంగా 70 నుంచి 80 శాతమే. పైగా కాన్సంట్రేటర్‌లో కంప్రెసర్ ఉంటుంది. ఏ కంప్రెసరైనా మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అందుకే 360 వాట్ల అవసరానికి 1500 వీఏ పైబడిన ఇన్వర్టర్ చూశాం.

నున్నటి అలలా కాకుండా ఒక్కసారిగా పైకీ కిందికీ దూకే కరెంటునిచ్చే స్క్వేర్ వేవ్ రకం ఇన్వర్టర్‌ను మొదటే పక్కన పెట్టేశాను. బల్బులు దాంతో వెలుగుతాయి, ఫ్యాన్లు మాత్రం గుయ్యిమంటాయి, మోటార్లు ఎక్కువగా వేడెక్కుతాయి. మనిషి ఊపిరికి ఆసరాగా నిలిచే యంత్రానికి లైను కరెంటులాగే నున్నటి అలగా ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ తప్ప మరొకటి పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ఈ ఒక్క చోట పొదుపు చూడకండి.

అసలు ఆలోచన అంతా బ్యాటరీ దగ్గరే. 12 వోల్టుల 150 యాంపియర్ అవర్ బ్యాటరీ అంటే, గుణిస్తే 1800 వాట్ అవర్లు. 360తో భాగిస్తే ఐదు గంటలు వస్తాయని అనిపిస్తుంది. నిజానికి రావు. 150 అన్నది 20 గంటలపాటు నెమ్మదిగా, అంటే ఏడున్నర యాంపియర్ల చొప్పున తీసుకుంటే దక్కే లెక్క. మా అవసరానికి ఇన్వర్టర్‌లో పోయే నష్టం కలుపుకుంటే ఒక్క బ్యాటరీ నుంచి 35 యాంపియర్లు లాగాలి. అంత వేగంగా లాగితే అందులోంచి వచ్చేదే తగ్గిపోతుంది. అడుగంటా వాడేస్తే సీసం బ్యాటరీ ఆయుష్షు కూడా హరించుకుపోతుంది. అందుకని రెండు బ్యాటరీలను వరసగా కలిపి 24 వోల్టులు చేసే పద్ధతికి వెళ్లాం. అప్పుడు లాగాల్సింది పద్దెనిమిది యాంపియర్లలోపే. నిల్వలో 60 శాతానికి మించి వాడకూడదని నియమం పెట్టుకుని, ఇన్వర్టర్ నష్టానికి 15 శాతం తీసేస్తే ఐదు గంటలు వచ్చాయి. తరచూ ఖాళీ అయ్యి నిండాల్సిన పరిస్థితి కాబట్టి చదును పలకలుండే ఫ్లాట్ ప్లేట్ కాకుండా గొట్టాల ఆకారపు పలకలున్న ట్యూబులర్ రకం తీసుకున్నాం.

ఇక్కడితో సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం ఇంకో ప్రశ్న మిగిలింది. ఖాళీ అయిన ఈ బ్యాటరీలు మళ్లీ ఎప్పుడు నిండుతాయి? ఇన్వర్టర్ కరెంటును పుట్టించదు, ఉన్నప్పుడు దాచిపెట్టి లేనప్పుడు ఇస్తుంది, అంతే. ఐదు గంటల్లో 90 యాంపియర్ అవర్లు వాడితే, 15 యాంపియర్లతో ఛార్జ్ చేసినా ఆరు గంటలు. చివరి భాగం బాగా నెమ్మదిస్తుంది, మధ్యలో కొంత వేడిగా పోతుంది. ఎంత తక్కువ వేసుకున్నా ఎనిమిది తొమ్మిది గంటలు కరెంటు ఉండాలి. అందుకే కొనే ముందు ఒక నోటుబుక్కులో కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ రాయడం మొదలుపెట్టాను. పగలు గంటా రెండు గంటల కోతలు ముక్కలు ముక్కలుగా ఉండేవి, రాత్రి ఎక్కువ సేపు పోయేది, తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా కాస్త నిలకడగా ఉండేది. ఆ నిలకడ వేళ మా లెక్కకు సరిపోయింది. సరిపోని చోట ఇంకో రెండు బ్యాటరీలు చేర్చినా లాభం లేదు. సగం నిండి సగం ఖాళీగా వారాల తరబడి ఉండిపోతే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ నిలవ చేసే శక్తినే కోల్పోతుంది. అలాంటి చోట సోలార్ పలకలో, జనరేటరో తోడుండాలి.

నోటుబుక్కు ఇంకో సంగతి కూడా బయటపెట్టింది. సాయంత్రాలు కరెంటు ఉన్నట్టే ఉంటుంది, వోల్టేజీ మాత్రం 160కి పడిపోతుంది. ఇన్వర్టర్ వెనక ఒక చిన్న స్విచ్ ఉంటుంది. యూపీఎస్ వైపు పెడితే దాదాపు 180 కన్నా తగ్గగానే బ్యాటరీ మీదికి మారిపోతుంది. మరో వైపు పెడితే తక్కువ వోల్టేజీనే పరికరాలకు పంపిస్తుంది. కాన్సంట్రేటర్ కోసం యూపీఎస్ వైపే పెట్టాలి. అలా పెడితే వీధిలో దీపాలు వెలుగుతుండగానే మన బ్యాటరీ కరిగిపోతూ ఉంటుంది! రాత్రి కోత మొదలయ్యే సమయానికి సగమే మిగులుతుంది. దీనికి మందు ఇన్వర్టర్ ముందు స్టెబిలైజర్ పెట్టడం. ఛార్జింగ్‌కు పోయే కరెంటు కూడా దాని మీదుగానే వెళుతుంది కాబట్టి తగినంత పెద్దది పెట్టాం.

వైరింగ్ అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చేయించాం. "న్యూట్రల్ కూడా విడిగా లాగాలండీ, పాతదానికి కలిపేస్తే కుదరదు" అని ఆయన మొదటే చెప్పారు. న్యూట్రల్ అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ. ఇన్వర్టర్ లైను న్యూట్రల్, మామూలు లైను న్యూట్రల్ కలిసిపోతే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఊరికే పడిపోతుంది, కరెంటు అనుకోని దారిలో వెనక్కి వస్తుంది. ఇన్వర్టర్ నుంచి ఒక తీగ తీసి గోడ ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించే పద్ధతి ఒకటి కొన్నిచోట్ల ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ కరెంటు బయటి లైన్లోకి ఎక్కితే, సరఫరా ఆగిందన్న నమ్మకంతో స్తంభం మీద పనిచేస్తున్న మనిషి ప్రాణం పోతుంది.

బ్యాటరీలను అమ్మ గదిలో పెట్టనివ్వలేదు. ఛార్జ్ అయ్యేటప్పుడు సీసం బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. ఆక్సిజన్ వాడే గదిలో అది అసలు ఉండకూడదు. వెనక వరండాలో గాలి ఆడే చోట, ఎండ తగలకుండా పెట్టాం. ఎండ వేడి బ్యాటరీ ఆయుష్షును బాగా తగ్గిస్తుంది. ఇన్వర్టర్‌ను బ్యాటరీల పక్కనే ఉంచి మధ్య తీగలు పొట్టిగా, లావుగా వేశారు.

అంతా అయ్యాక, కరెంటు ఉన్న పగటిపూటే మెయిన్ ఆపి చూశాం. సిలిండర్ సిద్ధంగా పెట్టుకుని, అమ్మకు ముందే చెప్పి చేశాం. కాన్సంట్రేటర్ అలారం మోగలేదు, ఫ్యాన్ వేగం మారలేదు. సెకనులో వందో వంతు సమయంలో మారిపోయింది మరి. లెక్క వేసుకున్న గంటల దాకా నడిపి, ఆపి, కాసేపు విశ్రాంతినిచ్చి మల్టీమీటర్‌తో చూస్తే ఒక్కో బ్యాటరీ 12.1 వోల్టుల మీద నిలిచింది. నిండుగా ఉన్నప్పుడు అది 12.7 దగ్గర ఉంటుంది. లోడు మీద ఉండగా చూసే అంకె కిందికి దిగి కనిపిస్తుంది, దాన్ని నమ్మకూడదు.

ఇప్పుడు చేయాల్సిన సేవ పెద్దగా లేదు. నీటి మట్టం చూపే చిన్న తేలుడు పుల్లలు ఎర్ర గీత దాకా దిగకముందే డిస్టిల్డ్ వాటర్ పోస్తాను. కుళాయి నీటిలోని లవణాలు పలకలను పాడుచేస్తాయి, ఆమ్లం మళ్లీ పోయాల్సిన పని లేదు. టెర్మినళ్ల మీద తెల్లగా పొడి పట్టకుండా తుడిచి పెట్రోలియం జెల్లీ రాస్తాను. బ్యాటరీ నిండినా నిండకపోయినా సిలిండర్ మీటరు మాత్రం రోజూ చూస్తాను. లిథియం బ్యాటరీల సంగతీ తెలుసుకుంటున్నాను. అవి త్వరగా నిండుతాయి, ఎక్కువ లోతు దాకా వాడుకోవచ్చు, నీళ్లు అక్కరలేదు. వాటికి తగిన ఛార్జింగ్ పద్ధతి మా ఇన్వర్టర్‌లో లేదు కాబట్టి ఈ ట్యూబులర్ జంట పని అయిపోయినప్పుడు బ్యాటరీలు, ఇన్వర్టర్ రెండూ కలిపే మారుస్తాం.