లిటిల్ మోర్టన్ హాల్: వంగిన గోడల్లో నిలిచిన వడ్రంగం

ఇంగ్లండులోని చెషైర్ ప్రాంతంలో, కాంగిల్టన్ పట్టణానికి కొద్ది దూరంలో, నీళ్లు నిండిన కందకం మధ్య నిలిచి ఉన్న లిటిల్ మోర్టన్ హాల్‌ను మొదటిసారి చూసినప్పుడు నా కన్ను ముందుగా పట్టుకున్నది దాని నలుపు తెలుపుల అలంకారాన్ని కాదు, దాని వంపును. వంతెన ఇవతల నిలబడి చూస్తే ముఖద్వారం ఉన్న భాగంలో ఒక్క గీత కూడా తిన్నగా కనిపించదు. నడుమ అంతస్తు ఒకవైపు కుంగి, పై అంతస్తు ముందుకు వాలి, కిటికీల వరుస అలలా సాగుతుంది. ఇంత వంగిన ఇల్లు ఇన్ని వందల ఏళ్లు ఎలా నిలిచిందన్న ప్రశ్నకు జవాబు, నాకు అర్థమైనంతవరకు, దాని చట్రంలోనే ఉంది.

ఈ ఇంటి బరువును గోడలు మోయవు. రాతి పునాది మీద పరిచిన ఓక్ అనే గట్టి కలప దూలాల నుంచి స్తంభాలు లేస్తాయి. వాటిని అడ్డదూలాలు, వాలుగా బిగించిన ఊతకర్రలు కలిపి పట్టుకుంటాయి. బరువంతా ఈ చట్రం గుండానే నేలకు దిగుతుంది. చట్రం గడులను నింపడానికి తడిక అల్లి, గడ్డి కలిపిన మట్టిని రెండు వైపులా మెత్తి, పైన సున్నం పూసేవారు. కాబట్టి ఒక గడిలో మట్టి రాలిపోయినా ఇల్లు కూలదు. కానీ ఒక అతుకు జారితే దాని పైనున్న గదులన్నీ కదులుతాయి.

ఆ అతుకుల పని ఎంతసేపు చూసినా తనివి తీరదు. ఒక దూలం కొనను నాలుకలా చెక్కి, స్తంభంలో తొలిచిన గాడిలో దించి, రెండింటికీ రంధ్రం వేసి కొయ్య చీల దిగగొడతారు. ఇక్కడే వడ్రంగి నేర్పు తెలుస్తుంది: నాలుకలోని రంధ్రాన్ని స్తంభంలోని రంధ్రానికి సరిగ్గా ఎదురుగా కాకుండా వెంట్రుకవాసి దూలం వైపుకు జరిపి వేస్తే, చీల దిగుతున్నకొద్దీ నాలుకను గాడిలోకి లాగి బిగిస్తుంది. అప్పట్లో ఓక్‌ను కొట్టిన కొద్దికాలానికే, పచ్చిగా ఉండగానే చెక్కేవారు, ఎందుకంటే ఎండిన ఓక్ ఉలికి లొంగదు. పచ్చి కలప ఇల్లయ్యాక మెల్లగా ఎండి, ముడుచుకుని, మెలి తిరుగుతుంది. అందువల్ల ఇలాంటి ఇంటికి కొంత వంపు పుట్టుకతోనే వస్తుంది.

ఇంటి నిర్మాణం 1504 ప్రాంతంలో పెద్ద హాలుతో మొదలై, మోర్టన్ కుటుంబం చేతుల మీదుగా విడతలు విడతలుగా 1610 ప్రాంతం వరకు సాగింది. ఆ విడతల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1559 నాటిది. ఆ ఏడు లోపలి ప్రాంగణంలోకి పొడుచుకు వచ్చేలా రెండు బహుభుజి కిటికీ గూళ్లు కట్టారు. పై అంతస్తులో అవి ఒకదాన్నొకటి ఆనుకునేంత దగ్గరగా వస్తాయి. వాటి కొయ్య పట్టీ మీద ఈ కిటికీలను విలియం మోర్టన్ చేయించాడనీ, దేవుడి దయతో రిచర్డ్ డేల్ అనే వడ్రంగి చేశాడనీ చెక్కి ఉంది. యజమాని పేరు చెక్కించుకోవడంలో వింత లేదు. పనివాడి పేరు కూడా అక్కడే చెక్కి ఉండటం మాత్రం నన్ను చాలాసేపు అక్కడే నిలబెట్టింది.

ఇక ఇంటికి వంపు తెచ్చిన అసలు కారణం, దక్షిణపు వైపు అన్నిటికన్నా పైన ఉన్న పొడవాటి గ్యాలరీ. దాని పొడవు 68 అడుగులు. కింది అంతస్తులను ఇంత బరువు మోసేలా తలపెట్టలేదని, గ్యాలరీ తర్వాత వచ్చిన ఆలోచనేనని చూస్తేనే అనిపిస్తుంది. వాన పడే రోజుల్లో ఇంటివారు నడవడానికీ ఆడుకోవడానికీ వాడుకునే చోటు అది. దాని చెక్క పలకల వెనుక పాతకాలపు టెన్నిస్ బంతులు కూడా దొరికాయి. రెండు పక్కలా దాదాపు ఎడతెగకుండా కిటికీలే ఉండటంతో, అటూ ఇటూ ఊగకుండా ఆపే ఊతకర్రలకు చోటు మిగల్లేదు. పైకప్పుకు వాడినవి తేలికైన పెంకులు కావు, మందమైన ఇసుకరాతి పలకలు. ఆ బరువు గోడలను బయటికి తోస్తుంది, కింది దూలాలను కుంగదీస్తుంది. నిర్మాణపరంగా దీన్ని తప్పు అనే అంటాను, కానీ ఆ గ్యాలరీ లేని ఇంటిని ఊహించుకోలేను.

ఇటుక గోడ మీద ఇటువంటి ఒత్తిడి పడితే బీటలు వారుతుంది. ఇక్కడి అతుకులు కొద్దికొద్దిగా కదిలి, బరువును పక్క స్తంభాలతో పంచుకుని, కొత్త వంపులో మళ్లీ కుదురుకున్నాయి.

రంగు గురించి ఒక మాట చెప్పాలి. ఓక్‌కు నల్లరంగు పూయడం విక్టోరియా రాణి కాలంలో, అంటే పంతొమ్మిదో శతాబ్దంలో, బాగా వ్యాపించిన అలవాటు. అంతకుముందు ఇలాంటి ఇళ్లలో కలపను చాలావరకు అలాగే వదిలేస్తే, ఎండకూ వానకూ వెండి బూడిద రంగుకు తిరిగేది. చేపముల్లు ఆకారపు వాలుకర్రలూ, నాలుగు రేకుల పూల గడులూ ఆ మెత్తని రంగులో ఇంకా అందంగా ఉండి ఉంటాయని నా నమ్మకం. ఆ గడుల్లో చాలా కర్రలు బరువు మోయడానికి కాదు, కలపకు వెనుకాడని కలిమిని చాటడానికి.

1938 నుంచి ఇల్లు, చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ సంరక్షణలో ఉంది. గ్యాలరీలోకి ఎక్కితే పాదాల కింద నేల ఒక పక్కకు దిగి, మళ్లీ లేవడం స్పష్టంగా తెలుస్తుంది. తల పైకెత్తితే, అందంగా వంచి చెక్కిన కప్పు కమానుల మధ్య ఒక గోడ నుంచి ఎదుటి గోడకు సాగిన అడ్డదూలాలు కనిపిస్తాయి. గోడలు ఇంకా బయటికి జరగకుండా తర్వాతి తరాల వడ్రంగులు అమర్చినవి అవి. వాటి మీద ఏ చెక్కడమూ లేదు.