డక్‌టేల్స్: కొత్తదాన్ని ఎక్కడ మొదలెట్టాలి

90ల్లో ఆదివారం వస్తే కోనసీమలో యాంటెన్నా తిప్పి మరీ దూరదర్శన్‌లో హిందీ డక్‌టేల్స్ (డిస్నీ వాళ్ల బాతుల కార్టూన్) చూసినవాళ్లు 2017లో వచ్చిన కొత్తదాన్ని ఒక్క పోస్టర్ చూసి పక్కన పెట్టేస్తున్నారండి. తొందరపడకండి.

అందరి గొడవా కథలో కోటీశ్వరుడైన ముసలి బాతు స్క్రూజ్ కోటు గురించే. 1987 కార్టూన్‌లో నీలం, ఇప్పుడు ఎరుపు. నిజానికి స్క్రూజ్‌ని సృష్టించిన కార్ల్ బార్క్స్ కామిక్స్‌లో ఎక్కువగా ఉన్నది ఎరుపే. అంటే కొత్తవాళ్లు పాడుచేసిందేమీ లేదు, ఇంకా వెనక్కి వెళ్లారంతే.

అసలు మార్పు స్క్రూజ్ దగ్గరుండే ముగ్గురు పిల్లలు హ్యూయీ, డ్యూయీ, లూయీల్లో ఉంది. పాతదాంట్లో ముగ్గురికీ రస్సీ టేలర్ ఒక్కరే గొంతు, టోపీ రంగు చూస్తేగాని ఎవరెవరో తెలిసేది కాదు. ఇప్పుడు ముగ్గురికి ముగ్గురు నటులు. హ్యూయీ పుస్తకం పట్టుకుని లెక్కలేస్తాడు, డ్యూయీ ముందు దూకేసి తర్వాత ఆలోచిస్తాడు, పచ్చ హుడీ లూయీకి డబ్బు యావ. అప్పుడు బొమ్మ పట్టుకు తిరిగిన వెబ్బీ అనే పాప ఇప్పుడు తాడు విసిరి గోడలెక్కేస్తోంది. పాతదాంట్లో నేవీకి పోయి ఎప్పుడోగాని కనబడని పిల్లల మేనమామ డోనాల్డ్ ఇక్కడే ఉంటాడు, మన దిండి హౌస్‌బోట్ లాంటి పడవలో. కాకపోతే అది తేలేది స్క్రూజ్ ఇంటి ఈతకొలనులో!

బొమ్మల్లో మాత్రం పాతదానికే నా ఓటు. చేత్తో రంగులేసిన ఆ బ్యాక్‌గ్రౌండ్ల లోతు కొత్తదాంట్లో లేదు.

మొదటి డబుల్ ఎపిసోడ్ వదలొద్దు. పిల్లల తల్లి డెల్లా కథకి ముడి పడేది అక్కడే. అది తెలియకపోతే రెండో సీజన్ సగం అర్థం కాదు. టేల్‌స్పిన్ అనే మరో డిస్నీ కార్టూన్ అభిమానులు 3వ సీజన్ దాకా ఓపిక పడితే అందులోని పిల్లాడు కిట్ పెద్దవాడై కనిపిస్తాడు.