ఇసుకలో నైలాన్ పోగులు

ఫిబ్రవరి, ఆదివారం రాత్రి

నడుము పట్టేసింది. ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చుని ఫైళ్లు తిరగేసిన ఒంటికి పొద్దున్నంతా వంగి ఇసుక కెలకడం శిక్షే. అయినా నాలుగు మాటలు రాసుకునే పడుకుంటాను. రేపు ఆఫీసు గొడవలో పడ్డానంటే ఇవేవీ గుర్తుండవు.

మాఘ పౌర్ణమి వెళ్లిన ఆదివారం ఇది. ఆషాఢం, కార్తీకం, మాఘం, వైశాఖం, ఈ నాలుగు నెలల పున్నములకూ సముద్ర స్నానం మంచిదని పెద్దల మాట. 'ఆకామావై' అని అమ్మమ్మ ఒక్క మాటలో చెప్పేసేది. విశాఖలో ఆ రోజు తీరమంతా జనమే. పుణ్యం వాళ్లు ఇంటికి తీసుకెళ్లారు, మిగతావన్నీ ఇసుకలో వదిలారు. కుంకుమ పొట్లాలు, అగరువత్తుల డబ్బాలు, కర్పూరం కవర్లు, ప్లాస్టిక్ దీపపు గిన్నెలు, ముడి కూడా విప్పకుండా విసిరేసిన పూల కవర్లు. ఇంట్లో వాడిపోయిన దేవుడి పువ్వుల్ని చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పదు, కవరులో కట్టి సముద్రంలో వేయడానికి మాత్రం ఒప్పుతుంది. ఈ లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాదు.

మా కాలనీ సంఘం వాళ్లు జోడుగుళ్లపాలెం వైపు తీరం శుభ్రం చేద్దామని పిలిచారు. వెళ్లేసరికి రెండు కర్రల మధ్య ఫ్లెక్సీ కట్టి ఉంది: 'ప్లాస్టిక్ రహిత తీరం మన లక్ష్యం'. ఫ్లెక్సీ అంటే ప్లాస్టిక్కే కదా అని ఎవరికీ తట్టినట్టు లేదు. పైగా ఫ్లెక్సీలను నిషేధిస్తామని ప్రకటించింది కూడా ఈ ఊళ్లోనే. 2022 ఆగస్టులో గోకుల్ పార్కు నుంచి భీమిలి దాకా వేల మంది దిగి తీరం శుభ్రం చేసిన రోజున ఆ మాట విన్నాం. కార్యదర్శి గారి ఉత్సాహం మీద నీళ్లు చల్లడం ఎందుకని ఊరుకున్నాను.

అందరూ సీసాల మీద పడ్డారు. సహజమే. పెద్దవి, దూరం నుంచే కనిపిస్తాయి, నాలుగు వేస్తే గోనె సంచి నిండినట్టు ఉంటుంది, ఫొటోలో కూడా బాగుంటుంది. మా ఆడపడుచు కూతురు జువాలజీ చదువుతోంది, సెలవుకి వచ్చి నాతో పాటు బయలుదేరింది. ఆ పిల్ల వచ్చీ రాగానే, "అత్తా, సీసాలు ఏరడానికి చాలా మంది ఉన్నారు. మనం దారాలు చూద్దాం" అంది.

దారాలేమిటి అనుకున్నాను. అలలు వదిలిపెట్టిన నాచు గీత వెంట కూర్చుని వేళ్లతో కెలికితే తెలిసింది. పచ్చవి, నీలివి, రంగే లేనివి. చిరిగిన వల ముక్కలు, గాలం తీగ, ఇంకా సంక్రాంతికి ఎగరేసిన గాలిపటాల మాంజా. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. ఇసుకకు ఆ సంగతి తెలియదు. ఒక పోగు చివర పట్టుకుని లాగితే అది వస్తూనే ఉంది, మూరల కొద్దీ. మధ్యలో చిక్కు పడ్డ చోట ఒక పక్షి ఈక. ఆ పక్షి విడిపించుకుని పోయిందో లేదో.

పొద్దున్నుంచీ నా బుర్రలో తిరుగుతున్నది ఇదే. మన కంటికి రోత పుట్టించే చెత్త వేరు, జంతువు ప్రాణం తీసే చెత్త వేరు. దూరం నుంచి చూసి 'అబ్బ, ఎంత శుభ్రంగా ఉంది' అనుకునే ఇసుకలో ఈ పోగులు ఎన్ని ఉన్నా మనకు ఆనవు. తాబేలు రెక్కకు చుట్టుకున్న పోగు దానంతట అది ఊడదు. పెనుగులాడిన కొద్దీ బిగుస్తుంది. రక్తం ఆడక ఆ రెక్కే పోతుంది. పిల్ల తాబేలుకి అంత కూడా అక్కర్లేదు. గుడ్డులోంచి వచ్చినప్పుడు దాని పొడవు నాలుగు సెంటీమీటర్లు. దానికి ఐస్‌క్రీము కప్పు ఒక నుయ్యి, వల ముక్క ఒక జైలు. నీళ్ల దాకా వెళ్లే ఆ కాస్త దూరంలో ఆలస్యమైతే కాకో కుక్కో పీతో కాచుకుని ఉంటుంది.

ఇది వాటి కాలం కూడా. ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం నుంచి మన తీరానికి వస్తాయి. రాత్రి పూట ఒడ్డెక్కి, వెనక రెక్కలతో గొయ్యి తవ్వి, ఒక్కో గూటిలో నూరు దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతాయి. పిల్లలు బయటికి రావడానికి నలభై అయిదు నుంచి అరవై రోజులు పడుతుంది. అటవీ శాఖ వాళ్లు ఆ గుడ్లను తెచ్చి, కంచె వేసిన చోట మళ్లీ పాతి కాపలా కాస్తారు. రాత్రంతా టార్చి పట్టుకుని తీరం వెంట నడిచి గూళ్లు వెతికేది మాత్రం చుట్టుపక్కల మత్స్యకారుల కుర్రాళ్లే. వాళ్ల కంటపడని గూడు ఎక్కడైనా ఉండవచ్చు. అందుకే యంత్రాలతో ఇసుక దువ్వి శుభ్రం చేయడం ఈ నెలల్లో నాకు భయంగానే ఉంటుంది. చక్రం కింద ఏముందో ఎవరు చూస్తారు? వంగి చేత్తో ఏరితే నడుము పోతుందేమో గానీ గూడు పోదు.

సీసాల మీద నాకున్న చిన్నచూపు కూడా మధ్యాహ్నానికి కొంత తగ్గింది. ఖాళీ శంఖుల్లో దూరి కాపురం ఉండే పీతలున్నాయి కదా, ఒంటి మీద ఇల్లు మోసుకుని తిరిగేవి, అవి ఏటవాలుగా కూరుకున్న సీసాలో దిగితే నున్నటి గోడ ఎక్కి బయటికి రాలేవట. లోపలే చచ్చిపోతాయి. అక్కడితో ఆగితే బాగుండేది. చచ్చిన పీత వాసన మిగతా పీతలకు 'ఇక్కడ ఒక శంఖు ఖాళీ అయింది' అన్న కబురు. ఇల్లు దొరుకుతుందని ఒకదాని వెనక ఒకటి అదే సీసాలోకి దిగుతాయి. హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో ఇలా అయిదు లక్షలకు పైగా పీతలు చచ్చిపోయి ఉంటాయని 2019లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. ఆ పిల్ల ఫోనులో చూపించే దాకా నేను నమ్మలేదు. తర్వాత మూతి పైకి పెట్టి సగం పూడుకుపోయిన సీసా కనిపిస్తే చాలు, ముందు వంగి లోపలికి చూశాను. ఒక దాంట్లో నిజంగానే చిన్న పీత ఉంది, శంఖు లేని మామూలు ఇసుక పీత. సీసా తలకిందులు చేసి విదిలిస్తే ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ తర్వాత కృతజ్ఞత లేకుండా పారిపోయింది. అంతే కావాలి.

కవర్ల సంగతి అందరికీ తెలిసిందే, నీళ్లలో తేలే కవరు జెల్లీ చేపలా కనిపించి తాబేళ్లు మింగుతాయని. కంటి మోసం ఒక్కటే కాదట. కొన్ని వారాలు సముద్రంలో నానిన ప్లాస్టిక్ మీద నాచు, సూక్ష్మజీవులు పట్టి, దానికి తిండి వాసన వస్తుంది. తాబేళ్లు ఆ వాసనకు స్పందిస్తాయని 2020లో పరిశోధకులు చూపించారు. ఇక తాబేలు గొంతులో ముళ్లలాంటివి ఉంటాయి, అన్నీ కడుపు వైపు వంగి. నోట్లో పడిన నీళ్లు బయటికి పోయినా తిండి జారిపోకుండా పట్టుకోవడానికి అవి. మింగిన కవరును కక్కేయాలన్నా అవే అడ్డం. ఇది విన్నాక పూల కవర్లన్నీ విప్పి, పువ్వులు వేరు చేసి, కవర్లు సంచిలో వేసుకుంటూ వచ్చాను. లోపల కుళ్లిన చామంతుల కంపు ఇప్పటికీ వేళ్లకు ఉన్నట్టే ఉంది.

తిండి దుకాణాల వైపు కథ ఇంకోలా ఉంది. ముంత మసాలా కాగితాలు, మొక్కజొన్న కండెలు, నూనె అంటిన కవర్లు. ఆవులు వచ్చి కండెతో పాటు కవరూ నమిలేస్తాయి. మింగిన ప్లాస్టిక్ వాటి కడుపులో ఉండ కట్టి కూర్చుంటుంది, పశువైద్యులు కోసి కిలోల కొద్దీ తీసిన సందర్భాలు పేపర్లో చదువుతూనే ఉంటాం. కుక్కలు ఈ ఎంగిలి కోసం తీరానికి మరుగుతాయి. మరిగిన కుక్క రాత్రి పూట ఊరుకోదు, తాబేలు గూడు వాసన పట్టి తవ్వుతుంది. పకోడీ కాగితానికీ తాబేలు గుడ్డుకీ సంబంధం ఉంటుందని నేనైతే ఊహించలేదు.

పదిన్నర ప్రాంతంలో కాలేజీ పిల్లలు కేకలు వేస్తే వెళ్లి చూశాం. తాబేలు కొట్టుకొచ్చింది. చచ్చి రెండు మూడు రోజులై ఉంటుంది. పెంకు మీద దెబ్బ లేదు, పోగూ లేదు. కార్యదర్శి గారు వెంటనే, "చూశారా, ప్లాస్టిక్ చేసిన పని" అని పిల్లలకు ఉపన్యాసం మొదలుపెట్టారు. పక్కన తాటాకు పందిరి కింద వల బాగు చేసుకుంటున్న పెద్దాయన తల ఎత్తకుండానే, "ప్లాస్టిక్ కాదు బాబూ, మరబోటు వల" అన్నాడు.

ఆయన దగ్గర కూర్చున్నాను. "బాబాయ్, మీకెలా తెలుసు?" అంటే నవ్వాడు. తాబేలు చేప కాదు, ఊపిరి కోసం పైకి రావాలి. అడుగున ఈడ్చే పెద్ద వలలో చిక్కితే పైకి రాలేక చస్తుంది. తీరానికి కొట్టుకొచ్చే వాటిలో ఎక్కువ అవేనని ఆయన మాట. నేను చదివిందీ అదే. వలలోంచి తాబేలు బయటపడేలా ఇనుప చట్రం, దారి అమర్చే పద్ధతి ఉంది, టెడ్ అంటారు. దాంతో పాటు చేపలూ పోతాయని బోట్ల వాళ్ల బెంగ. మనం ఎన్ని సంచుల చెత్త ఏరినా ఈ తాబేలు బతికేది కాదు. ఈ మాట పిల్లలకు చెప్పాల్సింది. కార్యదర్శి గారు చెప్పనివ్వలేదు, సందేశం బలహీనపడుతుందట.

పెద్దాయన చిన్నప్పుడు వలలు నూలుతో, జనుముతో అల్లేవారట. బెరడు కషాయంలో నానబెట్టి, ఎండబెట్టి, ఎంత జాగ్రత్త చేసినా కొన్నాళ్లకు పుచ్చిపోయేవి. "అప్పుడు అదొక బాధ. ఇప్పుడు పుచ్చకపోవడమే బాధ" అన్నాడు. కావాలని వల ఎవరూ పారేయరు, దాని ఖరీదు అలాంటిది. రాతికి చిక్కుకుంటే కోసేసి రావలసిందే. అలా పోయిన నైలాన్ వల నీళ్లలో ఏళ్ల తరబడి వేటాడుతూనే ఉంటుంది, పట్టినదాన్ని తీసుకునే మనిషి లేకుండా. బాగు చేసేటప్పుడు కత్తిరించిన ముక్కలు ఆయన చుట్టూ ఇసుకలో పడి ఉన్నాయి. నేను వాటి వంక చూడటం చూసి, ఏమీ అనకుండా ఒక డబ్బా లాక్కుని ముక్కలు అందులో వేయడం మొదలుపెట్టాడు.

చెత్త బండి వచ్చే దాకా సంచుల దగ్గర ఒకరు కూర్చోవాలి, లేకపోతే కుక్కలు చింపేస్తాయి. ఆ పని నాకు పడింది, నడుముకు మంచిదే అయింది. అక్కడ కూర్చుని ముంబయి వెర్సోవా తీరం గురించి ఆ పిల్లకు చెప్పాను. అఫ్రోజ్ షా అనే న్యాయవాది 2015లో పొరుగాయన ఒకరితో కలిసి అక్కడ చెత్త ఏరడం మొదలుపెట్టాడు, తర్వాత వారం వారం వందల మంది కలిశారు. 2018 మార్చిలో ఆ ఇసుకలోంచి ఆలివ్ రిడ్లే పిల్లలు సముద్రంలోకి నడిచాయి. దాన్ని అద్భుతం అంటారు గానీ నాకు అందులో కనిపించేది మొండితనం. ప్రతి వానాకాలం సముద్రం మళ్లీ చెత్త తెచ్చి పోస్తే మళ్లీ ఎత్తారు.

చేపల తట్టతో వెళుతున్న ఒకావిడ మా సంచులు చూసి ఆగింది. "మంచి పనేనమ్మా. కానీ మీరు నెలకోసారి వస్తారు, గెడ్డ రోజూ వస్తుంది" అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ మాట దగ్గర ఇరుక్కుపోయాను. కొండ మీది నుంచి మా కాలనీ పక్కగా దిగే వాగే ఆ గెడ్డ. ఒక్క గట్టి వాన పడితే దాని ఒడ్డున ఉన్నదంతా సముద్రంలోకి. అంటే మేము పొద్దున్న ఏరిన దాంట్లో సగం మా వీధిదే అయి ఉంటుంది. పెద్దాయనను అడిగితే సులువుగా తేల్చేశాడు: గెడ్డ సముద్రంలో కలిసే చోట పాత వల అడ్డంగా కట్టండి, నీళ్లు పోతాయి, చెత్త ఆగుతుంది, రెండు రోజులకోసారి తీయండి. వానలు మొదలయ్యే లోపు మాత్రం తప్పకుండా విప్పేయాలి, లేకపోతే అదీ కొట్టుకుపోయి ఇంకో ఉరి అవుతుంది. వల తను ఇస్తానన్నాడు. రెండు రోజులకోసారి చెత్త తీసే మనిషికి కూలి మాత్రం మేమే చూసుకోవాలి.

రాత్రి కార్యదర్శి గారికి ఫోను చేశాను. అనుమతి ఎవరిని అడగాలన్నది ముందు తేలాలి, రేపు భోజన విరామంలో వెళ్లి కనుక్కుంటానన్నాను. పనిలో పనిగా, వచ్చేసారి కత్తెరలు, బియ్యం జల్లెడలు తేవాలని, వల ముక్కలు కోయడానికి ఒకటి, థర్మోకోల్ పూసలు ఇసుకలోంచి వేరు చేయడానికి రెండోది అని చెప్పాను. ఫ్లెక్సీకి పెట్టే డబ్బు గెడ్డ దగ్గర కూలికి మళ్లిద్దామంటే కాసేపు మాట్లాడలేదు. చివరికి సరేనన్నారు. అయితే వల కట్టే రోజు ఆయన వచ్చే దాకా ఎవరూ ముడి వేయకూడదట, ఫొటో తీయించుకోవాలట.