మాల వేసుకున్న మూడో రాత్రి

పదకొండేళ్లు రోజూ తాగినవాణ్ని. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని, ఆ పొద్దున్నే మందు ఆపేశాను. 41 రోజులు స్వామే చూసుకుంటాడనుకున్నాను. రెండో రోజు ఫిట్స్ వస్తే, ఒంటిపూట భోజనం వల్ల నీరసమనుకున్నారు ఇంట్లో.

మూడో రాత్రి గోడంతా చీమలు. దులుపుతూనే ఉన్నాను. "చీమల్లేవు స్వామీ, ఎక్కడా లేవు" అంటూ నా భార్య నా చేతులు పట్టుకుని ఏడ్చింది. మాలలో ఉన్నాను కదా, అంత భయంలోనూ స్వామీ అనే పిలిచింది. ఎప్పుడో పోయిన నాన్న వాకిట్లో నిలబడి రమ్మంటున్నాడు. వెళ్తానని తలుపు గొళ్లెం లాగాను.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్ "మాల వేసుకుని తాగొచ్చాడా?" అన్నాడు, అందరి ముందూ. నా భార్య తల దించుకుంది. మూడు రోజులుగా చుక్క ముట్టలేదు నేను. ఒక్కసారిగా మానేసినందుకే అలా అయ్యాను. అది ప్రాణం తీసే స్థితి అని తెలియాల్సిన మనిషే ఆ మాటన్నాడు. ఆ కోపం నాకింకా పోలేదు. గ్లూకోజ్ కంటే ముందు విటమిన్ బి1 ఇంజక్షన్ పడాలని పట్టుబట్టిన నర్సమ్మకు మాత్రం ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

నాలుగేళ్ల తర్వాత డీ-అడిక్షన్ సెంటర్లో కౌన్సెలర్‌గా చేరాను. రోజంతా మానడం గురించే మాట్లాడుతున్నాను కదా అని, తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగులకు నేను వెళ్లడం మానేశాను. అదే నేను చేసిన తప్పు. నేను చూసుకున్న కుర్రాడొకడు మళ్లీ తాగి చనిపోయిన సాయంత్రం, వైన్ షాపు ముందు బండి ఆపి కూర్చున్నాను. చేతులు వణుకుతుంటే నా స్పాన్సర్‌కు, అంటే ఏఏలో నాకు తోడుగా ఉండే పాత సభ్యుడికి, ఫోన్ చేశాను. "అక్కడ నువ్వు డ్యూటీలో ఉంటావు. నీ బాధ ఎవరికి చెప్పుకుంటావురా?" అన్నాడు. ఆయన వచ్చేదాకా ఫోన్ పెట్టలేదు. ఇప్పుడు పక్క ఊరి మీటింగుకు వెళ్తాను. మా ఊళ్లో అయితే నా పేషెంట్లే ఎదురుగా ఉంటారు, నోరు విప్పలేను.

అయ్యప్పే నన్ను కాపాడాడని నమ్ముతాను. అయినా రోజూ తాగేవాళ్లు మాల వేసుకునే ముందు డాక్టర్‌ని కలవండి. ఇంట్లోవాళ్లు డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

పోయిన కార్తీకంలో నల్లబట్టల్లో ఒకాయన్ని మోసుకొచ్చారు. గాల్లో ఏవో పురుగుల్ని ఏరుతున్నాడు. ఆయన భార్య నా మొహం చూడలేక నేల చూస్తోంది.

"స్వామి తాగలేదమ్మా" అన్నాను. "మానేశాడు."